మేరుపూస దగ్గర వెనక్కి తిరిగినప్పుడు

పలికినా పలకలేకపోయినా వినేవాడు, తడబడిన నాలుక మీదికి కూడా వచ్చి కూర్చునేవాడు, ఏ లెక్కకూ అందనివాడై ఉండీ మా వేళ్ల కొసల మీద నూటెనిమిది పూసలకు ఒదిగేవాడు అయిన ఆ నారాయణుడికి ముందుగా నమస్కారం. నేను చెప్పబోయేదాంట్లో మంచి ఏదైనా ఉంటే అది ఆయనది. తప్పు ఉంటే నాది. ఈ రెండో మాట ఇన్నేళ్లూ గొంతులో ముల్లు ఉన్నట్టే పలికేదాన్ని. ఈ నెలలో మొదటిసారి హాయిగా పలకగలిగాను. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా సార్ కూతురు సస్మిత మా ఇంటికి వచ్చింది. సార్ అంటే నాకు పరిశోధన నేర్పిన గురువు. అస్కా దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టిన ఒడియా మనిషి. బరంపురం బయట ఉన్న విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఈ వర్షాకాలంలో ఇక్కడే కన్నుమూశారు. సస్మిత నన్ను చిన్నప్పటినుంచీ నానీ అంటుంది, ఒడియాలో అక్కని పిలిచినట్టు. చేతిలో ఒక గుడ్డసంచి, దాంట్లో నల్ల అట్టల నోటుపుస్తకాలు. "నాన్న గీతలు ఇవన్నీ. నాకేటీ తెలీదు నానీ. మీ పేరు మాత్రం సానా సోట్ల ఉంది. మీకాడ ఉంటేనే మంచిది," అంది. టీ తాగి, కాసేపు కళ్లు తుడుచుకుని, వెళ్లిపోయింది. ఆ సంచి విప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకు భయపడ్డానో తెలియాలంటే మా మామ్మ దగ్గరికి వెళ్లాలి.

మామ్మ మా నాన్న తల్లి. మా ఇల్లు బరంపురంలోనే గోసాని నువాగాం పేటలో ఉండేది. నాన్న తెలుగు బడిలో మేష్టారు. పొద్దున్నే లేస్తే మొదట వినబడేది వీధిలో పట్టు మగ్గాల చప్పుడు, ఆ వెనక మామ్మ నూతి దగ్గర నీళ్లు పోసుకుంటూ గొణుక్కునే నామాలు. తడి మడిబట్ట వాసన, ఆరబెట్టిన తులసి వాసన, నేతి వత్తి ఆరిపోయాక వచ్చే చిరుచేదు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మామ్మే. ఎనిమిదయ్యేసరికి పూజ ముగించి వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. చేతిని గోముఖి సంచిలో పెట్టి, కళ్లు మూసుకుని, తులసిమాల తిప్పేది. ఆ సంచిలో వేళ్లు కదులుతున్నంతసేపు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. పోపు వేయాల్సి వస్తే అమ్మ మూకుడు మీద మూత పెట్టి మరీ వేసేది.

నాకు ఏడేళ్లప్పుడు నాన్నకు సన్నిపాత జ్వరం వచ్చి, ప్రాణం మీదికి వచ్చి, తగ్గింది. మామ్మ వెయ్యి మాలల మొక్కు పెట్టుకుంది. లెక్క పెట్టే పని నాకు అప్పగించింది. రెండు ఇత్తడి గిన్నెలు, ఒకదాంట్లో చింతగింజలు. మాల అయినప్పుడల్లా ఒక గింజ తీసి రెండో గిన్నెలో వెయ్యాలి. మాలలో నూటెనిమిది పూసలు కాక పెద్దది ఇంకొకటి ఉంటుంది, దాన్ని మేరుపూస అంటారు. దాని పక్కన మొదలుపెట్టి చుట్టంతా తిరిగి మళ్లీ దాని దగ్గరికి వచ్చాక, దాన్ని దాటకూడదు. మాలను తిప్పి పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. నేను సంచి బయటినుంచి మామ్మ మణికట్టు మెదలడం చూసి ఎప్పుడు తిప్పిందో పట్టేసేదాన్ని. బడికి వెళ్లడం, రావడం కలిసి ఒక్క రోజు అయినట్టు, మాల వెళ్లి వచ్చాక ఒక గింజ వేసేదాన్ని. దసరాకి అయిపోవాల్సిన మొక్కు దీపావళి దాటినా అవ్వలేదు. వయసు మీద పడి తన నాలుక మందగించిందనుకుని మామ్మ పొద్దున్న ఇంకో గంట ఎక్కువ కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎందుకో మాల తిప్పుతూ కళ్లు తెరిచి చూసింది.

"ఒసే, ఇప్పుడు గింజ ఎయ్యలేదేటే?"

"అదే మాల కదా మామ్మా. ఎనక్కి వస్తన్నావంతే."

"పూసలు అవే. పేరు మళ్లీ కొత్తగా పలకలేదేటి?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. మామ్మ వెయ్యి మాలలకు దగ్గర దగ్గర రెండువేలు చేసిందని ఆవిడకు అప్పటికే అర్థమైపోయింది. కోప్పడలేదు. ఎక్కువైతే ఆయనేమీ తిరిగి ఇచ్చెయ్యడులే అని నవ్వింది. కాని, శనివారం గోష్ఠిలో చెప్పుకోవాలి అంది. అది మాత్రం వదల్లేదు.

గోష్ఠి అంటే ప్రతి శనివారం దీపాలు పెట్టే వేళకు మా ముందు గదిలో కూర్చునే పది పన్నెండు మంది ఆడవాళ్లు. అందరూ కలిసి నామ పారాయణ చేసేవారు. వాళ్లకు ఒక నియమం ఉండేది. చదువుతూ ఎవరి నాలుక తడబడితే వాళ్లే "తప్పింది" అనాలి. అనగానే అందరూ ఆ శ్లోకం మొదటికి వెళ్లాలి. పక్కవాళ్లకు తెలిసినా చెప్పకూడదు, మోచేత్తో పొడవకూడదు, నవ్వకూడదు. తప్పిన మనిషి తనంతట తాను చెప్పేవరకు ఎదురుచూడాలి. చెప్పకపోతే పారాయణ అలాగే సాగిపోయేది, ఆ శనివారం మాత్రం ప్రసాదం ఎవరి నోటికీ రుచించేది కాదు. ఆ గదిలో లేచి నిలబడి, చింతగింజల సంగతి చెప్పి, "తప్పింది" అన్నాను. అందరికంటే ముందు పక్కింటి అప్పలనర్సమ్మగారు అందుకుంది. "మీ మనవరాల్ని లెక్కల మేష్టర్ని సేసీయండి పిన్నిగారూ, ఊరంతా ఒకటికి రెండుసార్లు సదివి గట్టెక్కిపోతాది." నవ్వులన్నీ అయ్యాక మామ్మ నా చేతిలో పటికబెల్లం ముక్క పెట్టింది. చెప్పేస్తే ఎంత తేలికగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నేర్చుకున్న శాస్త్రాలన్నిటిలో అదే మొదటిది.

లెక్కల మేష్టర్ని కాలేదు కాని, లెక్కలు చేసే మనిషినే అయ్యాను. అన్నిటికంటే చిన్న కణాలు ఒకదాన్నొకటి తాకితే ఏం జరుగుతుందో కాగితం మీద లెక్కకట్టే విద్య అది. యంత్రాలేవీ అక్కర్లేదు. కలం, కాగితం, ఓపిక చాలు. కాగితాలకు లోటు లేదు, నాన్న దిద్దేసిన పరీక్షపత్రాల వెనక వైపు అంతా నాదే. మా వీధికి నా పని ఎప్పటికీ బోధపడలేదు. గీతలతో బొమ్మలు గీస్తామని, ప్రతి బొమ్మా ఒక లెక్క అని, కొన్ని బొమ్మల్లో గీత తిరిగి తన దగ్గరికే వచ్చి వలయం అవుతుందని, అలాంటిచోట జవాబు అనంతమని వచ్చి కూర్చుంటుందని చెప్పేదాన్ని. ఒక వలయంలో పుట్టిన అనంతం మరో వలయంలో పుట్టినదాంతో కొట్టేసుకుపోయి సున్నా మిగిలితే సిద్ధాంతం నిలబడుతుంది, మిగలకపోతే లేదు. ఇదంతా విని అప్పలనర్సమ్మగారు కనబడినప్పుడల్లా అడిగేది. "ఏటమ్మా, ఆ సున్నా ఇంకా రాలేదా? మా మనవడు నెలనెలా తెస్తన్నాడు."

సార్ గది కిటికీ సముద్రం వైపు ఉండేది. మధ్యాహ్నం గోపాల్‌పూర్ గాలి మొదలైతే కాగితాల మీద ఇటుక ముక్కలు పెట్టుకునేవాళ్లం. ఆయన స్టీలు టిఫిన్‌లో పఖాళ తెచ్చుకునేవారు, నీళ్లలో నానిన చద్దన్నం. పక్కన వేయించిన వడియాలు, ఒక పచ్చిమిరపకాయ. తిన్నాక బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, ఊదారంగు సిరా కలం తీసి, "ఆఉ థరే" అనేవారు. ఇంకోసారి అని దానికి అర్థం. ఆయన దేవుణ్ణి నమ్మలేదు. నా నుదుటి బొట్టూ నా శనివారం ఉపవాసమూ చూసి, మీ దేవుడికి కూడా ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయా అని ఏడిపించేవారు. కాని ఆయనకూ ఒక నిష్ఠ ఉండేది. ఏ లెక్కనైనా మేమిద్దరం విడివిడిగా చెయ్యాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చివరి జవాబులు మాత్రమే బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. రెండూ ఒకటైతే ఆయన "కలిసింది" అనేవారు. ఆ మాట ఆయన నోట వినడానికి వారాలు పట్టేది. వినబడ్డాక ఇద్దరం కిందికి వెళ్లి టీ తాగేవాళ్లం.

ఆ ఏడాది మేము పట్టుకున్న లెక్కలో మూడు మూలల వలయం ఒకటి ఉంది. నాకు ఆరు నెలలు పట్టింది. చివర అన్నీ కొట్టేసుకుని సున్నా వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే, ఆ రోజు దేవుడి గదిలో కూర్చుని ఏమీ అడగకుండా లేచి వచ్చాను. నా జవాబు బల్ల మీద పెడితే సార్ వారం తర్వాత "కలిసింది" అన్నారు. అప్పట్లో ఆయన భార్య పెద్దాసుపత్రిలో ఉంది. మంచం పక్క స్టూలు మీదనుంచి నేరుగా గదికి వచ్చేవారు, చొక్కా నిండా మందుల వాసనే. ఆ రోజు టీకి వెళ్లలేదు. వ్యాసం టైపు చేయించి, గుర్తులన్నీ చేత్తో రాసి సిద్ధం చేశాం. పేరున్న ఒక పెద్ద సభకు ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనకు పిలుపు వచ్చింది. మరో పది రోజుల్లో అక్కడ దాన్ని చదవాలి.

ఆ ఆదివారం పొద్దున్న మామ్మ నన్ను గిన్నెల దగ్గర కూర్చోమంది. అప్పటికి ఆవిడకు చూపు బాగా తగ్గింది. సార్ భార్యకు నయం కావాలని నేనే మొక్కుకుని మామ్మను జపం చెయ్యమన్నాను, అందుకని లెక్క నా వంతు. మాల వెళ్లింది, గింజ వేశాను. మేరుపూస దగ్గర తిరిగింది, వెనక్కి వచ్చింది, రెండో గింజ తీశాను. ఆ గింజ గిన్నెలో వెయ్యడానికి నా చెయ్యి కదల్లేదు. మా వలయంలో గీతకు బాణం గుర్తు ఉంటుంది, కణం ఎటు తిరుగుతోందో చెప్పడానికి. విద్యుదావేశం ఉన్న కణం ఒకవైపు తిరగడం ఒక బొమ్మ, ఎదురువైపు తిరగడం ఇంకో బొమ్మ. నేను బొమ్మ ఒకటే గీశాను. వలయం ఒకటే కదా, ఎటు తిరిగితే ఏమిటి అనుకున్నాను. ఏడేళ్లప్పటి తప్పే, మళ్లీ. పూసలు అవే, పేరు కొత్తది. రెండో బొమ్మను కలిపితే ఆ అందమైన సున్నా ఉండదు.

"గింజ సప్పుడు వినబడలేదేటే?" అంది మామ్మ కళ్లు తెరవకుండానే.

వేశాను. వేసి, లేచి వెళ్లి, నాన్న కాగితాల వెనక వైపు లెక్క చూసుకున్నాను. సున్నా పోయింది. నాకు తెలిసినంతలో ఈ తప్పు ప్రపంచంలో ఎవరికీ కనబడలేదు. సార్ విడిగా చేసి కలిసిందన్నారు కదా. నేను నోరు మెదపకపోతే ఆయన ఆ సభలో తల ఎత్తుకుని నిలబడతారు. ఆసుపత్రి స్టూలు మీద గడుపుతున్న మనిషికి ఆ ఒక్క సంతోషం మిగులుతుంది. మెదిపితే అది నా చేతులతో నేను తీసేసినట్టే. ఈ మాటలు ఎవరికీ చెప్పలేదు. మామ్మకు మాత్రం ఏదో తెలిసింది. సాయంత్రం నా తల దువ్వుతూ, గోష్ఠిలో తప్పు చెప్పకుండా సాగిపోయిన శనివారాలు తనకు ఎన్ని ఉన్నాయో చెప్పింది. అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక్కటీ మర్చిపోలేదు.

సోమవారం సార్ గది గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"సార్, తప్పింది."

ఆయన కలం మూత పెట్టారు. "ఎక్కడ?"

"మూడు మూలల వలయంలో. రెండు వైపులా తిరగాలి. నేను ఒకవైపే లెక్కపెట్టాను."

ఆయన కిటికీ వైపు చూశారు. "సుభద్రా, నేను కూడా..." అని ఆగారు. నాకు అప్పటికే కన్నీళ్లు వచ్చేశాయి. అవి చూసి ఆయన మాట మార్చేశారు. "హఉ. బొసొ. ఆఉ థరే." సరే, కూర్చో, ఇంకోసారి. ఆ వాక్యం మిగతా సగం ఆయన నోట ఎప్పటికీ వినలేదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని మొదటినుంచి చేశాం. సున్నా రాలేదు, కొంత మిగిలింది. ఆ మిగులును ఊరుకోబెట్టాలంటే సిద్ధాంతంలో ఇంకో కణం ఉండి తీరాలని తర్వాత రెండేళ్లకు తేలింది. దాని మీద చిన్న వ్యాసం రాశాం, నాకు పట్టా వచ్చింది. సార్ భార్య కోలుకుని చాలాకాలం బతికింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సభకు మాత్రం ఆయన వెళ్లారు. సున్నా లేకుండానే వెళ్లారు. అక్కడికి వెళ్లివచ్చిన ఒకాయన నాకు చెప్పాడు, మీ సార్ లేచి, పంపిన సారాంశంలో తప్పుందని, ఆ తప్పు పూర్తిగా తనదేనని చెప్పి కూర్చున్నారట.

నా ముల్లు అది. తప్పు నాది, బొమ్మ గీసింది నేను. ఆయన నా పేరు కాపాడటానికి వందమంది ముందు అబద్ధం ఆడారు. శాస్త్రం చదువుకున్న ఇంట్లో పుట్టిన దాన్ని, ఒకరి చేత అసత్యం పలికించిన పాపం ఎవరి ఖాతాలోకి వెళుతుందో నాకు తెలుసు. రెండు మూడుసార్లు అడగబోయాను. అడగబోయినప్పుడల్లా ఆయన టీకి పద అనేవారు. ఇంకొక ప్రశ్న కూడా నన్ను వదల్లేదు. జపమాల ముట్టని మనిషి, విడిగా చేసిన లెక్కలో, నేను చేసిన తప్పే ఎలా చేశారు?

సస్మిత వచ్చి వెళ్లిన నాలుగో రోజు పూజ అయ్యాక సంచి విప్పాను. ఊదారంగు సిరా ఎక్కడా వెలిసిపోలేదు. ఆ ఏడాది పుస్తకం వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు, మధ్యలో ఆసుపత్రి చీటీలు ఉన్నాయి. ఒక పుటలో మూడు మూలల వలయాలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని బాణం ఇటు, రెండోదాని బాణం అటు. పైన శనివారం అని ఉంది. అంటే మా మామ్మ మాల తిప్పడానికి ముందు రోజు. కింద ఒడియాలో రాసుకున్నారు. నేను తెలుగులో చెబుతున్నాను: "నేను ఈ లెక్క చెయ్యలేదు. ఆమె కాగితం చూసి కలిసిందన్నాను. చేసే మనసు లేకపోయింది. ఈరోజు చేస్తే ఇలా వచ్చింది. సోమవారం ఆమెతో చెప్పాలి." దాని కింద వేరే కలంతో, సోమవారం అని, ఒక్క వరస: "ఆమే వచ్చి చెప్పింది. నేను చెప్పలేకపోయాను. కలిసింది."

ఆయన అబద్ధం ఆడలేదు. లెక్క చెయ్యకుండానే కలిసిందన్న తప్పు ఆయనదే, సభలో చెప్పింది నిజమే. నాకోసం ఎవరూ ఏ పాపమూ మొయ్యలేదు. విడివిడిగా చెయ్యాలన్న నియమం ఆ ఏడాది తప్పింది, చివరికి మళ్లీ నిలబడింది కూడా. ఆయన శనివారం, నేను ఆదివారం, ఒకరి కాగితం ఒకరు చూడకుండా ఒకే తప్పును పట్టుకున్నాం. ఆయన పరాయివాళ్ల ముందు చెప్పగలిగిన మాట నా ముందు చెప్పలేకపోయారు. దానికి నాకు ఇప్పుడు ఆయన మీద జాలే కలుగుతోంది. నాకు ఏడేళ్లకే గోష్ఠి దొరికింది, పటికబెల్లం ముక్క దొరికింది. పాపం, ఆయనకు ఎవరు పెట్టారు?

ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు ఆ బొమ్మలను కంప్యూటరుకు అప్పగిస్తారు. అది రెండు వైపులా తిరిగి, ఒక్కటీ వదలకుండా, నేను పళ్లు తోముకుని వచ్చేలోపు లెక్క తేల్చేస్తుంది. నాకు అసూయ లేదు, ఆరు నెలలు మిగులుతాయి. మగ్గాల చప్పుడు వీధిలో ఒకటి రెండు ఇళ్లలోనే వినబడుతోంది. మా గోష్ఠి కూడా ఫోనులోకి వచ్చింది. విశాఖనుంచి ఒకరు, భువనేశ్వర్‌నుంచి ఒకరు కలుస్తారు. అందరి మైకులూ మూసేసి ఒక్కరే చదువుతారు, లేకపోతే గోల అంటారు. అది నిజమే. ఎవరి నాలుక తడబడినా ఎవరికీ వినబడదు, శ్లోకం మొదటికి ఎవరూ వెళ్లరు. పోయిన శనివారం నా వంతు వచ్చినప్పుడు ఒక నామం జారింది. ఎవరూ పట్టుకోలేదు. నేను ఆగి, "తప్పింది" అన్నాను. తర్వాత ఒక్కొక్కరే మైకులు తెరిచారు. అందరం మొదటినుంచి చదివాం. గొంతులు కలవలేదు, ఒకరు ముందు, ఒకరు వెనక. చాలా రోజుల తర్వాత ప్రసాదం రుచిగా ఉంది.

ఇంతవరకు చదివిన మీరు నాతోపాటు ఒక్క మాల తిప్పండి. మాల లేకపోతే వేళ్లు చాలు. ప్రభూ, చెప్పగలిగినవాళ్ల తప్పులను విన్నట్టే, చెప్పాలని సోమవారం దాకా కాచుకుని చెప్పలేకపోయినవాళ్ల తప్పులనూ విను. నిన్ను నమ్మకుండానే నీకిష్టమైనట్టు బతికిన మా సార్‌ను నీ దగ్గర కూర్చోబెట్టుకో. మేరుపూస వచ్చాక దాటకండి, వెనక్కి తిరగండి. వెళ్లినది మన కోసం. వచ్చేది మా సార్ కోసం. పూసలు అవే. పేరు మాత్రం కొత్తగా పలకండి.